చెవి పక్కన వీ8: కోబ్రా సైడ్ పైపుల మోత గురించి

1960ల నాటి కోబ్రా స్పోర్ట్స్ కారుకి నకలు (రెప్లికా) కట్టుకుందామనుకునేవాళ్ళు మొదట ఇంజన్ గురించి అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, తలుపుల కింద రెండు పక్కలా సాగే ఆ పొగగొట్టాల గురించి అడుగుతారు. "అన్నా, ఆ సైడ్ పైపులు నిజంగా అంత మోతా? ఎన్ని డెసిబెల్స్ ఉంటాయి? ఒక్క నంబర్ చెప్పు చాలు" అని డాలస్ శివార్ల నుంచి, ఆస్టిన్ నుంచి మనవాళ్ళు ఫోన్లు చేస్తుంటారు. ఒక్క నంబర్ చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు చేతకాదు. మీటర్ ఎక్కడ పెట్టి కొలిచారు, ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, పైపు లోపల మోతని పీల్చే ప్యాకింగ్ ఉందా కాలిపోయిందా అన్నవి చెప్పకుండా చెప్పే నంబర్‌కి విలువ లేదు.

నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. సైడ్ పైపులను తెచ్చినవి తెచ్చినట్టు బిగించి, మళ్ళీ వాటి మొహం చూడకపోతే, ఆ కారు నడిపేవాడి చెవులూ పాడవుతాయి, వీధిలోవాళ్ళ నిద్రా పాడవుతుంది. అలా వదిలేయాల్సిన పని లేదు. వీ8 (నాలుగేసి చొప్పున రెండు పక్కలా ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్) గొంతులో ఉన్న అందం వేరు, మోత వేరు. మోత తగ్గించుకుని గొంతు నిలుపుకోవచ్చు. ఇంజన్ మీద, రంగు మీద పెట్టే శ్రద్ధ సైలెన్సర్ మీద కూడా పెట్టాలి. "కోబ్రా అంటే మోత ఉండాల్సిందే, అసలు కారు అలాగే ఉండేది" అనేవాళ్ళతోనే నాకు పేచీ. అసలు కారు అలా ఉండేది కాదు.

కోబ్రాని పుట్టించిన కరోల్ షెల్బీ మా టెక్సస్ మనిషే. 1923లో లీస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కోళ్ళ ఫారం పెట్టి నష్టపోయాడు. రేసుల్లోకి వెళ్ళి 1959లో రాయ్ సాల్వడోరీతో కలిసి ఆస్టన్ మార్టిన్ కారులో లె మాన్ 24 గంటల రేసు గెలిచాడు. గుండె జబ్బు వల్ల రేసులు మానుకున్నాక, 1962లో ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ వాళ్ళ తేలికపాటి రెండు సీట్ల కారులో ఫోర్డ్ వీ8 ఇంజన్ కూర్చోబెట్టాడు. అదే కోబ్రా. మొదట్లో ఇంజన్ 260 ఘనపు అంగుళాలు, తర్వాత 289, 1965 నాటికి 427. అంటే 7 లీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 90 అంగుళాల దూరం మాత్రమే ఉన్న కారులో 7 లీటర్ల ఇంజన్! అన్ని రకాలూ కలిపి వెయ్యికి అటూ ఇటూగా తయారయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. 1965లో జీటీ తరగతి రేసుల్లో 427ని దించాలంటే ముందు 100 కార్లు తయారు చేసి చూపించాలి. తనిఖీ వేళకు అందులో సగం మాత్రమే సిద్ధంగా ఉన్నాయి. అనుమతి రాలేదు. రేసుకని కట్టినవి అమ్ముడుపోక మిగిలిపోయాయి. వాటిని రోడ్డు మీద తిరగడానికి తగినట్టు కాస్త సర్ది, సెమీ కాంపిటిషన్ అని పేరు పెట్టి అమ్మారు. అదే 427 ఎస్/సీ. 30కి అటూ ఇటూగా ఉన్నాయంతే. తలుపుల కింద సైడ్ పైపులు, డ్రైవర్ తల వెనక రోల్ బార్, బానెట్ మీద గాలి పీల్చే మూతి, ఇవన్నీ ఆ కొద్ది కార్ల గుర్తులు. అదే రోజుల్లో మామూలు కొనుగోలుదారుకి అమ్మిన రోడ్డు 427కి పొగగొట్టాలు కారు కింద నుంచి వెనక్కి వెళ్ళేవి.

ఈ రోజు మనం చూసే రెప్లికాల్లో అత్యధికం ఆ ఎస్/సీకి నకళ్ళే. మసాచుసెట్స్‌లోని వేర్‌హామ్‌లో 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ కిట్ అయినా, దక్షిణాఫ్రికాలో తయారై వచ్చే సూపర్‌ఫార్మెన్స్ అయినా, కంటికి ముందు కనపడేది ఆ పైపులే. రేసు ట్రాక్ కోసం, అదీ 60 ఏళ్ళ కిందటి రేసు కోసం పెట్టిన ఏర్పాటును మనం స్కూలు జోన్లోంచి, ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) ఉన్న వీధుల్లోంచి తీసుకెళ్తున్నాం. రేసులో ఆ పైపులకు అర్థం ఉంది. దారి చిన్నది, బరువు తక్కువ, నేలకు తగలవు, పాడైతే ఇట్టే విప్పొచ్చు. పక్కింటివాళ్ళు అక్కడ ఉండరు.

మోత అంత ఎందుకు వస్తుందో తెలిస్తేనే తగ్గించే దారి తెలుస్తుంది కనుక కొంచెం లోతుకు వెళ్తాను.

సిలిండర్లో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే క్షణానికి మండిన గ్యాసు ఇంకా గట్టి పీడనంతోనే ఉంటుంది. తలుపు తీయగానే అది ఒక్క దెబ్బగా గొట్టంలోకి దూకుతుంది. ఆ పీడనపు అలే మనకి వినపడే శబ్దం. మామూలు కారులో ఆ అల క్యాటలిటిక్ కన్వర్టర్, రెసొనేటర్, పెద్ద మఫ్లర్ (సైలెన్సర్), వాటి మధ్య పొడుగాటి గొట్టం, ఇన్ని దాటుకుని నీరసపడి వెనక బంపర్ కింద బయటపడుతుంది. కోబ్రాలో అలా కాదు. ఇంజన్ ఒక్కో పక్క నుంచి నాలుగేసి గొట్టాలు ఫెండర్ పక్కగా బయటికొస్తాయి, ఒకటవుతాయి, తలుపు కిందుగా సాగి వెనక చక్రానికి ముందే ఆగిపోతాయి. సైలెన్సర్ ఏదైనా ఉంటే ఆ కాస్త పొడవులోనే, ఆ సన్నటి గొట్టంలోనే ఇమడాలి. పైగా గొట్టం మూతి డ్రైవర్ మోచేతికి కిందుగా, కొంచెం వెనగ్గా ఉంటుంది. కారుకి కప్పు లేదు, కిటికీ అద్దాలు లేవు. మూతికీ చెవికీ మధ్య అడ్డుకునేది ఏదీ లేదు.

ఆ గొట్టం లోపల సాధారణంగా ఉండేది గ్లాస్‌ప్యాక్. చిల్లులున్న లోపలి గొట్టం, దాని చుట్టూ దట్టించిన గ్లాస్ ఫైబర్, పైన తొడుగు. ఇది చెవిలో గుచ్చుకునే పై స్థాయి శబ్దాల్ని బాగా పీల్చుకుంటుంది. కింది స్థాయి గంభీరమైన హోరుకి మాత్రం దాదాపు దారి వదిలేస్తుంది. ఆ కింది హోరును పట్టాలంటే పెద్ద గది కావాలి, లేదా పొడవు కావాలి. సైడ్ పైపులో రెండూ ఉండవు.

ఇంకొకటి ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. అమెరికన్ వీ8లో ఎనిమిది సిలిండర్లు కలిపి చూస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి 90 డిగ్రీలకి ఒకటి చొప్పున సమానంగా పేలతాయి. ఒక పక్క నాలుగింటినే విడిగా చూడండి, లెక్క చెదిరిపోతుంది. ఫోర్డ్ 289కీ 427కీ పేలే వరస 1-5-4-2-6-3-7-8. కుడి పక్కవి 1, 2, 3, 4. వాటి మధ్య ఎడాలు వరసగా 180, 90, 180, 270 డిగ్రీలు. రోట్లో దంచుతున్నప్పుడు ఒకరు రోకలి ముందే వేసి, తర్వాతి పోటు ఆలస్యం చేసినట్టు ఉంటుంది. కారు కింద నుంచి వెనక్కి వెళ్ళే పొగగొట్టాల్లో రెండు పక్కల్నీ మధ్యలో ఒక అడ్డ గొట్టంతో కలుపుతారు. అప్పుడు ఎడమ దెబ్బలూ కుడి దెబ్బలూ కొంత కలిసిపోయి గరుకు తగ్గుతుంది. సైడ్ పైపులున్న కారులో ఎడమ పైపుకీ కుడి పైపుకీ మధ్య ఇంజనూ, గేర్‌బాక్సూ, మనుషులూ ఉంటారు. కలిపే దారి లేదు. అందుకే ఎడమ పక్క నిలబడినవాడికి ఎడమ నాలుగు సిలిండర్ల తాళమే, కుడి పక్క ఉన్నవాడికి కుడి నాలుగింటిదే వినిపిస్తుంది. కారు కదలకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగే ఐడిల్‌లో ఆ గురగుర మనసు దోచేది అందుకే. ఫోర్డ్ జీటీ40లో ఇంజన్ వెనక ఉండేది కనుక ఎడమ గొట్టాల్ని కుడికీ కుడివి ఎడమకీ మెలికలు తిప్పి సరిచేశారు. దానికి పాముల మూట అనే అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉంది. కోబ్రా ముందు భాగంలో ఆ మెలికలకి చోటు లేదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ ఏర్పాటుతో కుస్తీ పట్టాయి. షెవ్రొలే 1965 నుంచి 1967 వరకు, మళ్ళీ 1969లో కార్వెట్‌కి సైడ్ ఎగ్జాస్ట్‌ని ఆప్షన్‌గా అమ్మింది. షెల్బీ చేయి కూడా పడిన డాడ్జ్ వైపర్ 1992లో సైడ్ పైపులతోనే వచ్చింది. పది సిలిండర్లు రెండు పక్కలా అయిదేసిగా విడిపోయి, ఒక్కో పక్క అయిదు సిలిండర్ల ఇంజన్‌లా వినిపించేది. 1996లో వాటిని వెనక్కి మార్చారు, 2003లో మళ్ళీ పక్కకి తెచ్చారు. ఇంజనీర్ల దళం, ప్రయోగశాలలు ఉన్నవాళ్ళే ఇలా ముందుకీ వెనక్కీ పోయారంటే, గ్యారేజీలో కట్టుకునే మనం దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ఇక నంబర్లు. డెసిబెల్ మామూలు లెక్క కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, 10 పెరిగితే శక్తి పదింతలు, చెవికి మాత్రం రెండింతలు అయినట్టు తోస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 తగ్గుతుంది. నిలబెట్టి కొలిచే పద్ధతిలో మీటర్‌ని గొట్టం మూతి నుంచి అర మీటర్ దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. కాలిఫోర్నియాలో మామూలు కార్లకి ఆ పద్ధతిలో 95 డెసిబెల్స్ పరిమితి. బ్రిటన్ ట్రాకుల్లో చాలాచోట్ల అదే దూరంలో, ఇంజన్ గరిష్ఠ వేగంలో ముప్పావు దగ్గర, 105 వరకు ఒప్పుకుంటారు.

105 ఉన్న కారునే తీసుకోండి. గొట్టం మూతికి ఒక మీటర్ దూరంలో 99. 16 మీటర్ల దూరంలో, అంటే దాదాపు రోడ్డుకి అవతలి ఇంటి పడకగది కిటికీ దగ్గర, 75. ఇండియాలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకి రాత్రి పెట్టిన పరిమితి 45. మధ్యలో 30 తేడా. శక్తిలో అది వెయ్యి రెట్లు. "ఆ 45 రాత్రంతటి సగటు కదా, నా కారు నిమిషంలో దాటిపోతుంది" అంటారు. పసిపిల్ల నిద్రలేవడానికి ఆ నిమిషం చాలు. తిరిగి పడుకోబెట్టడానికి తల్లికి ఎంతసేపు పడుతుందో ఆ నిమిషంలో లెక్కకు రాదు.

ఇప్పుడు డ్రైవర్ చెవి. వృత్తి ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెప్పేది స్పష్టంగా ఉంది. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3కి సమయం సగమవుతుంది. 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, 94లో ఒక గంట, 97లో అరగంట, 100లో పావుగంట. మా కారులో, హైవే మీద, నా సీట్లో, కొత్త ప్యాకింగ్‌తో కూడా మీటర్ 90 దాటే ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే 100 దగ్గరికి పరుగెడుతుంది. ఆదివారం పొద్దున డాలస్ నుంచి హిల్ కంట్రీ కొండల దాకా వెళ్ళొస్తే ఆ రోజు కోటానే కాదు, చాలా రోజుల కోటా అయిపోతుంది. రాత్రి పడుకున్నాక చెవుల్లో గుయ్‌మని వినపడితే ఆహా ఏం కారు అని మురిసిపోయేవాళ్ళని చూశాను. అది మురిసిపోవాల్సిన సంగతి కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. ముందు పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. గదిలో నలుగురు మాట్లాడుకుంటుంటే సగం మాటలు జారిపోయేది అలాంటి నష్టం వల్లే.

"కప్పులేని కారు కదా, గాలి హోరే అంత ఉంటుంది, పైపుల్ని అనడం ఎందుకు?" అన్న వాదన వింటాను. నిజమే, గాలి హోరు తక్కువేం కాదు. అయితే చెవికి ఈ మోత గాలిదా పైపుదా అన్న తేడా లేదు, రెండూ కలిపే పడతాయి. గాలిని మనం ఆపలేం కాబట్టే పైపుని ఆపాలి.

నంబర్లలో ఒక పెద్ద లోపం కూడా ఉంది. మా పక్కింటికి గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకసారి సాయంత్రం నడకలో కలిసి, ఏమీ నిష్ఠూరం లేకుండా అన్నారు: "బాబూ, మీ కారు బయల్దేరబోతుంటే మీ గ్యారేజీ తలుపు కంటే ముందు మా గది కిటికీ అద్దం చెప్తుందయ్యా." నేను కొలిచిన అంకె ఆయన ఇంటి ముందు అంత భయపెట్టేదేమీ కాదు. అద్దం మాత్రం అబద్ధం చెప్పదు.

కారణం ఇది. వీ8లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే నాలుగు పేలుళ్ళు. 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో సెకనుకి 53. అంటే శబ్దం 50 హెర్ట్జ్ చుట్టుపక్కల, ఒక్కో పైపు లెక్కన చూస్తే ఇంకా కింద. సాధారణంగా వాడే డీబీఏ కొలత మన చెవి తీరుకి తగ్గట్టు కింది స్థాయి శబ్దాల్ని తగ్గించి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్, 100 దగ్గర 19 తగ్గిస్తుంది. కానీ గోడలూ కిటికీ అద్దాలూ ఆ తగ్గింపు ఇవ్వవు. సన్నని శబ్దం గోడ దగ్గర ఆగుతుంది, కింది హోరు గోడని దాటుకుని మంచం దాకా వస్తుంది. అందుకే పైపు గురించి ఎవరైనా డీబీఏ అంకె మాత్రమే చెబితే నేను కింది శబ్దాల్ని అంతగా తగ్గించని సీ వెయిటింగ్ కొలతతో కూడా కొలిచి చెప్పమంటాను. రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదైతే పక్కింటివాళ్ళకి అంత ఇబ్బంది. ఫోన్లో కొలుచుకోవాలంటే ఐఫోన్‌కి నియోష్ వాళ్ళ ఉచిత యాప్ ఉంది, దానిలో రెండూ చూసుకోవచ్చు.

చట్టం సంగతి టెక్సస్‌లో వదులుగా ఉంటుంది. కారుకి మఫ్లర్ ఉండాలి, అది పనిచేస్తూ అతి మోత, అసాధారణ మోత రాకుండా ఆపాలి అని ఉంది గానీ డెసిబెల్ అంకె లేదు. ఆపిన పోలీసు చెవే మీటర్. దీన్ని కొందరు స్వేచ్ఛ అనుకుంటారు. కాలిఫోర్నియాలో కూడా ఒకప్పుడు పైపు సరిచేసుకొస్తే టికెట్ రద్దు చేసేవాళ్ళు, 2019లో ఆ వెసులుబాటు తీసేసి నేరుగా జరిమానాకి మారారు. రేసు ట్రాకులు కూడా తప్పించుకోలేదు. కాలిఫోర్నియాలోని లగూనా సెకాలో మామూలు ట్రాక్ రోజుల్లో 90 చుట్టుపక్కల పరిమితి పెట్టి, దారి పక్కన మీటర్‌తో కొలుస్తారు. ఆ చోటుకి రాగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసేవాళ్ళు, గొట్టం మూతికి వంపు తగిలించి మోతని అవతలికి తిప్పేవాళ్ళు అక్కడ మామూలే. సైడ్ పైపులున్నవాడికి ఆ ఉపాయం సగమే పనిచేస్తుంది. కనెటికట్‌లోని లైమ్ రాక్ ట్రాక్ మీద 1959లోనే కోర్టు ఆదేశం వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఆదివారం రేసులు లేవు. మోత చేసేవాళ్ళు తమంతట తాము తగ్గించుకోకపోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి గేటు మూస్తారు. మన ఆదివారపు డ్రైవ్‌లు నిలవాలంటే మన పైపుల్ని మనమే చూసుకోవాలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

మన ఊళ్ళల్లో బుల్లెట్ల సైలెన్సర్లు మార్చి తిరిగే కుర్రాళ్ళది కూడా ఇదే కథ. నగరాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను కుప్పపోసి రోడ్డు రోలర్‌తో తొక్కించడం మీరు చూసే ఉంటారు. అక్కడ కుర్రాణ్ణి "ఆకతాయి" అనేసి, ఇక్కడ ఖరీదైన కారులో అదే పని చేసే పెద్దమనిషిని "కార్ల అభిమాని" అనడం నాకు మింగుడుపడదు. చెవికి డబ్బున్న మోత, డబ్బులేని మోత అని రెండు ఉండవు.

మోత ఉంటే అవతలి డ్రైవర్ మనల్ని గమనిస్తాడు కదా అంటారు. మూసిన అద్దాల్లో, పాటలు పెట్టుకుని, మనకి ముందు వెళ్ళేవాడికి మన పైపు వినపడేది అంతంతే. పైపు మూతి చూసేది పక్కకి, వెనక్కి. హెడ్‌లైట్లు వేసుకోండి, అవతలివాడి అద్దంలో కనపడే చోట ఉండండి.

మఫ్లర్ పెడితే పవర్ పోతుందన్నది ఇంకో భయం. పోనీ, కొంత పోతుందనే అనుకుందాం. టన్నుకి కాస్త ఎక్కువ బరువున్న కారులో 400 గుర్రాల ఇంజన్ ఉన్నప్పుడు, అందులో కొన్ని తగ్గితే స్టాప్ సైన్‌కీ స్టాప్ సైన్‌కీ మధ్య ఎవరికి తెలుస్తుంది? ఆ ఇంజన్ పూర్తి వేగం అందుకునేది రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద. ట్రాక్‌కి వెళ్ళేరోజు వేరే పైపులు బిగించుకోండి. నాలుగైదు బోల్టుల పని.

మరి చేయాల్సిందేమిటి? అన్నిటికంటే ముందు ప్యాకింగ్. గ్లాస్ ఫైబర్ వేడికి కాలుతుంది, గ్యాసు తోపుకి చిల్లుల్లోంచి ఎగిరిపోతుంది. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి నడిపేవాడికి తెలియదు, చెవి అలవాటుపడిపోతుంది. రెండేళ్ళ కిందట మర్యాదగా ఉన్న పైపు ఇవాళ ఖాళీ గొట్టం అయిపోతుంది. అందుకే వెల్డింగ్‌తో మూసేసిన పైపులు కొనవద్దంటాను. చివర మూత విప్పి లోపలి గొట్టం బయటికి లాగగలిగేవి తీసుకోండి. చిల్లుల గొట్టానికి ఆనుకుని ముందు స్టెయిన్‌లెస్ స్టీల్ ఊలు ఒక వరస చుట్టి, దాని మీద వేడి తట్టుకునే ఫైబర్ దట్టించండి. స్టీల్ ఊలు పై దూదిని మంట నుంచి కాపాడుతుంది. లోపలి గొట్టం ఎంత సన్నగా ఉండి దూది పొర ఎంత మందంగా ఉంటే శబ్దం అంత తగ్గుతుంది. పైపు బయటి కొలత ఒకటే అయినా లోపల తేడాలుంటాయి, కొనేముందు అడగండి.

హెడర్‌కీ (ఇంజన్ నుంచి వచ్చే నాలుగు గొట్టాలు ఒకటయ్యే భాగం) పైపుకీ మధ్య క్యాటలిటిక్ కన్వర్టర్ ఇమిడే కిట్లున్నాయి. అవి పొగని శుభ్రం చేయడంతో పాటు మోత పదును కూడా విరుస్తాయి. మీ పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటికెళ్ళాక బట్టలకి పెట్రోలు వాసన లేకపోవడం అదనపు లాభం. మూతి దగ్గర దూర్చే బ్యాఫిల్ (మోతకి అడ్డుపడే ముక్క) చవకైన మార్గం. పనిచేస్తుంది, కానీ ప్యాకింగ్ పోయిన పైపుకి బ్యాఫిల్ దూర్చి సరిపెట్టుకోవద్దు.

ఇంజన్ కట్టేటప్పుడే సగం మోత నిర్ణయమైపోతుందని కూడా గుర్తుపెట్టుకోండి. మరీ రేసు క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వేస్తే ఐడిల్‌లో కారు మొత్తం ఊగుతూ అరుస్తుంది. ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల బాక్స్ పెట్టుకుంటే హైవే మీద ఇంజన్ తక్కువ వేగంతో తిరుగుతుంది. ప్రయాణంలో మీ చెవికి దొరికే అతిపెద్ద ఊరట అదే. కాకపోతే ఏదో ఒక వేగం దగ్గర పైపు మొత్తం హోరెత్తే చోటు ఉంటుంది, చాలా కార్లలో 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల. వెనక ఇరుసు గేర్ నిష్పత్తి ఎంచుకునేటప్పుడు మీ మామూలు హైవే వేగం సరిగ్గా అక్కడ పడకుండా చూసుకోండి.

సైడ్ పైపులే లేకుండా, రోడ్డు 427లో ఉన్నట్టు కారు కింద నుంచి వెనక్కి, మధ్యలో అడ్డ గొట్టంతో కట్టుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన దారి. దాన్ని రాజీ అనేవాళ్ళు చరిత్ర చూడాలి, షెల్బీ తన కొనుగోలుదార్లకి అమ్మిన కారు అదే. పైగా కాలి పిక్క కాలదు. సైడ్ పైపు కారులోంచి దిగేటప్పుడు పిక్క తగిలి పడే మచ్చని కోబ్రా ఓనర్లు పాముకాటు అని గొప్పగా చూపించుకుంటారు గానీ, చిన్నపిల్లల్ని ఎక్కించుకున్నప్పుడు అది గొప్పేమీ కాదు.

ఇన్ని చేసినా చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాల్సిందే. సంగీతకారులు వాడే రకం ఫిల్టర్ ప్లగ్గులు ఉన్నాయి. అవి మోత మొత్తాన్ని సమానంగా తగ్గిస్తాయి గనుక ఇంజన్ తాళం, పక్కవాళ్ళ మాట, అంబులెన్స్ సైరన్ అన్నీ వినపడతాయి. పక్క సీటుకి కూడా ఒక జత ఉంచండి. పిల్లలకి చెవులు మూసే మఫ్స్ లేకుండా తలుపు తీయకండి. పొద్దున్నే వెళ్ళాల్సి వస్తే గ్యారేజీలో ఇంజన్ వేడెక్కేదాకా నిలబెట్టకుండా వెంటనే బయటికి తీసి, రైజింగ్ ఇవ్వకుండా, పెద్ద రోడ్డు దాకా తక్కువ ఆర్‌పీఎంలో వెళ్ళండి. కాంక్రీటు గోడల మధ్య మూడు వైపులా కొట్టుకుని బయటికొచ్చే మోత, రోడ్డు మీద మోత ఒకటి కావు.

సెకండ్‌హ్యాండ్ కారు చూడటానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ముందే ఫోన్ చేసి ఇంజన్ వేడి చేసి ఉంచవద్దని చెప్పండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయించి, మీరు రోడ్డుకి అవతల నిలబడి వినండి. ఆ తర్వాత ప్లగ్గులు పెట్టుకుని పక్క సీట్లో కూర్చుని హైవే దాకా వెళ్ళి, గంటకి 65, 70 మైళ్ళ వేగం దగ్గర మీటర్ చూడండి. దిగాక పైపు తొడుగు మీద రంగు మారిన మచ్చలున్నాయేమో చూడండి, లోపల దూది పోయిన చోట వేడి నేరుగా తగిలి అక్కడే రంగు మారుతుంది. ప్యాకింగ్ ఎప్పుడు మార్చారో అడగండి. యజమాని చెప్పలేకపోతే అది ఎప్పుడూ మార్చలేదనే అనుకుని, కొత్త పైపుల జత ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడండి.